అట్ట వెనక కథ

ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

పార్సెల్ అందింది. ఈసారి డిస్కు విరగలేదు, పెట్టె మూల మాత్రం నలిగింది. ఒక డిస్కులో రెండు పాత సినిమాలు కుక్కి, కిరాణా షాపులో గల్లాపెట్టె పక్కన బుట్టలో పడేసి అమ్మే సరుక్కి ఇంతకంటే మర్యాద ఏం జరుగుతుందిలే.

లిఫ్టు సినిమా చూశాను. డిస్కు అట్ట వెనక నువ్వు రాసిన కథ చదివి, హంతకుడు లిఫ్టు నడిపేవాడేనని పందెం కాశాను కదా. ఓడిపోయాను. డాక్టరట. ఆ డాక్టరు సినిమా అంతా అందరి నాడీ చూస్తూనే తిరిగాడు, మనుషుల్ని చంపే తీరిక ఆయనకెక్కడిదో నాకు అర్థం కాలేదు. సరే, ఓటమి ఓటమే. ఇంకో మాట. అట్ట మీద కత్తి పట్టుకున్న ఆ అమ్మాయి ఎవరు? సినిమా అంతా వెతికాను. అమ్మాయీ లేదు, కత్తీ లేదు. మీ యజమానికి నా తరఫున నాలుగు అక్షింతలు వెయ్యి.

నా కుడిచెవి ఇంకా మొండికేసింది. టీవీ సౌండు పెంచితే కింది వాటా నర్సు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంది. తగ్గిస్తే ఎవరు ఎవర్ని బెదిరిస్తున్నారో నాకు తెలియదు. అందుకే ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాయమంటాను. కాగితం మీద మాట రెండుసార్లు వినొచ్చు.

బస్ స్టేషన్‌లో నా కౌంటరు ఎప్పటిలాగే ఉంది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ నా వెనక అరల్లో పేరుకుపోతున్నాయి. ఈ వారం ఒక కట్టుడు పళ్ల జత వచ్చింది. అది లేకుండా ఆ మనిషి ఇంట్లో ఏం తింటున్నాడో, కౌంటరుకొచ్చి ఎలా అడుగుతాడో అని కంట్రోలర్ గారూ నేనూ పొద్దంతా నవ్వుకున్నాం. ఆయనే అన్నాడు, "మీ సెలవులన్నీ అలాగే పడున్నాయి, ఎక్కడికైనా వెళ్లి రండమ్మా" అని. మీ బావ పోయాక నేను వెళ్లే చోటేముంది? నవ్వి ఊరుకున్నాను.

మరదలు పోయినేడు ఒక కార్డు రాసింది, గుర్తుందా? "మీ తమ్ముడి చెవులు నాకు కనపడి చాలా రోజులైంది వదినా, ఎప్పుడూ హెడ్‌ఫోన్లే" అని. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆమెను అడిగానని చెప్పు. కొత్త అట్ట ఏదైనా ఉంటే పంపు, ఈసారి ఓడిపోను.

నీ అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

డాక్టరుకి తీరిక ఎక్కడిదన్న అనుమానం నాకూ వచ్చింది. కానీ అట్ట మీద అనుమానాలు రాయకూడదు. కత్తి సంగతి యజమానిని అడిగాను. కత్తి ఉంటే అమ్ముడవుతుందన్నాడు. సినిమాలో లేదు కదండీ అన్నాను. కొన్నాక కదా తెలిసేది అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు ఎవరూ లేరు.

మా ఆఫీసు టైర్ల దుకాణం మీద ఒక్క గది, నీకు తెలుసుగా. హక్కులు ఎవరికీ పట్టని సినిమాలు, ఎక్కడో గోదాముల్లో మూలుగుతున్న అరిగిపోయిన ప్రింట్లు మూటల్లెక్కన వస్తాయి. తెర మీద ఎప్పుడూ గీతల వాన. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినడం, మాట తెగిన చోటల్లా గుర్తు పెట్టడం, తర్వాత అట్ట వెనక కథ రాయడం, ఇదే నా పని. ఆఫీసులో ఒకటే మిషను, అందుకని సగం సినిమాలు ఇంటికే తెచ్చుకుంటాను. కథ ఎలా రాయాలో యజమాని మొదటి రోజే చెప్పాడు. తలుపు దాకా తీసుకెళ్లు, తలుపు తియ్యకు. ఇన్నేళ్లలో నాకు వంటబట్టిన విద్య అదొక్కటే.

నీ మరదలు వాళ్లక్క దగ్గరికి వెళ్లింది. వంట నాదే. ఉప్పు ఎక్కువైతే అడిగేవాళ్లు లేరు కాబట్టి బాగానే వండుతున్నాను.

కొత్తది ఒకటి పంపుతున్నాను. దీనికి పేరింకా లేదు.

"అతను ఓడలతో మాట్లాడే వైర్‌లెస్ ఆపరేటరు. ఇంట్లో ఉన్నా చెవులు సముద్రం మీదే. ఒక సాయంత్రం, మునిగిపోతున్న ఓడ నుంచి కేక వినిపిస్తుంది. అదే సమయంలో పక్క గదిలో భార్య పెట్టె సర్దుకుంటోంది. ఆమె గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది. అతను చెయ్యెత్తి ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఓడ దక్కింది. వెనక్కి తిరిగితే గుమ్మం ఖాళీ. ఆమె ఎక్కడుందో అతనికి తెలుసు. ఒక్క రైలెక్కితే చాలు. ఆమె ఎదురుచూస్తోందా? తలుపు మూసేసుకుందా? అతను వెళతాడా?"

దీని చివరి రీలు దొరకలేదక్కా. అతను వెళ్లాడో లేదో ఇక్కడ ఎవరికీ తెలియదు. వెళ్లాలా వద్దా, నువ్వేమంటావు? తొందరేం లేదు, నిదానంగా ఆలోచించే రాయి. ఈసారి పందెం వద్దు.

తమ్ముడు


ఫిబ్రవరి 28

తమ్ముడూ,

నిదానంగా ఆలోచించమన్నావు. నాకు నిదానం ఎప్పుడుంది? ఉత్తరం మడత పెట్టకముందే ఆలోచించేశాను. కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాను, ఈ అట్ట పాస్ కాలేదు.

ముందు ఆ మనిషి సంగతి. ఒట్టి మొద్దు. పెళ్లాం పక్క గదిలో పెట్టె సర్దుకుంటుంటే ఆ చప్పుడు వినపడనివాడికి నడిసముద్రంలో ఓడ కేక వినపడిందా? ఇలాంటివాడి మీద నాకు జాలి కలగదు. జాలి లేకపోతే డిస్కు ఎవరు కొంటారు?

ఇక వెళ్లాలా వద్దా అన్నావు. వద్దు. ఒక ఆడది పెట్టె ఒక్కరోజులో సర్దదురా. మనసులో ఎప్పుడో సర్దేసుకుని ఉంటుంది, ఆ సాయంత్రం చేత్తో పట్టుకుందంతే. ఇప్పుడు ఇతను పరుగెత్తుకెళ్లి ఆ గుమ్మంలో నీళ్లు నములుతూ నిలబడితే ఆవిడకి ఒళ్లు మండుతుంది తప్ప ఒరిగేదేం లేదు. అయినా స్టేషన్‌లో పరుగులు, కదిలే రైలు, చెయ్యి అందించడం, నువ్వు పంపిన సగం సినిమాల్లో చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఖాళీ గుమ్మం చూపించి ఆపెయ్. చివరి రీలు దొరక్కపోవడమే మంచిదైంది, అందులో కచ్చితంగా పరుగే ఉండి ఉంటుంది.

మరదలు ఎప్పుడొస్తుంది? వాళ్లక్క ఊరు మా డిపో బస్సుకి చివరి స్టాపు. వెళ్తూ వెళ్తూ నా కౌంటరు దాటే వెళ్లి ఉంటుంది. ముందు ఒక ముక్క రాసి ఉంటే ఇన్ని టీ నీళ్లు ఇచ్చేదాన్ని కదా. వచ్చేటప్పుడైనా ఆగమను.

కట్టుడు పళ్లకి ఇంకా ఎవరూ రాలేదు.

అక్క


మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. రెండోసారి చదివితే నువ్వు చెప్పిందే నిజమనిపించింది. నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకు ముఖం మీద నిజం చెప్పేది నువ్వొక్కదానివే. నువ్వు చెప్పినట్టే ఉంచేశాను. గుమ్మం దగ్గరే ఆపేశాను. ఈ ఆదివారం ఒక ప్రయాణం అనుకున్నాను, అదీ మానుకున్నాను.

చెప్పడానికి పెద్ద విశేషాలేం లేవు. కిరాణా షాపుల వాళ్లు మా బుట్టలు తీసేసి ఆ చోట చాక్లెట్లు పెడుతున్నారు. ఇప్పుడు డిస్కులు ఎవరు చూస్తారని ఒకాయన నా ముందే బుట్ట బోర్లించి చేతిలో పెట్టాడు. యజమాని మాత్రం పెట్రోలు బంకుల్లో పెడదామంటున్నాడు. దూరప్రయాణం చేసేవాడికి భయం బాగా అమ్ముడవుతుందట.

ఇంట్లో ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం లేదు. సౌండు బయటికే పెడుతున్నాను, నిద్ర చెడేవాళ్లు ఎవరూ లేరు కదా. నిన్న ఒక సినిమాలో ఎవరో తలుపు కొడితే లేచి వెళ్లి మన తలుపు తీశాను. ఎవరూ లేరు. తిరిగొచ్చి మళ్లీ కూర్చున్నాను.

గుర్రప్పందేల సినిమా, గుడ్డివాడి సినిమా, రెండూ ఒకే డిస్కులో పంపుతున్నాను. గుడ్డివాడి సినిమాలో మధ్యలో కాసేపు మాట రాదు. అది మా తప్పు కాదు, ప్రింటే అంత.

తమ్ముడు


మార్చి 27

నా చిన్న తమ్ముడికి,

ఏంట్రా ఆ ఉత్తరం, రెండు పేజీలు నిండలేదు. తలుపు కొడితే వెళ్లి తీశావా? నేనూ అంతే. ఒకసారి సినిమాలో ఫోను మోగితే నా ఫోను ఎత్తి హలో అన్నాను, అదీ చెవిటి చెవికి పెట్టుకుని. మన ఇంటి రక్తం అలాంటిది.

నీకు రాయలేదు కానీ పోయిన వారం నాకు రెండు రోజులు జ్వరం వచ్చింది. కంగారుపడతావని రాయలేదు. చీపురుకర్ర నర్సే పైకి వచ్చి మాత్రలిచ్చింది, రొట్టెలు తెచ్చిపెట్టింది. టీవీ సౌండు లేకపోయేసరికి ఏదో అయిందని అర్థమైందట. ఇన్నాళ్లూ ఆవిణ్ణి తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ రెండు రోజులూ మంచం మీద పడుకుని గుడ్డివాడి సినిమా మూడుసార్లు చూశాను. మాట రాని చోట అతను పెదవులు కదుపుతుంటే ఏమంటున్నాడో నేనే కల్పించుకున్నాను. నేను కల్పించిన మాటలే బాగున్నాయి.

కట్టుడు పళ్లాయన ఇక రాడు, గడువు దాటిపోయింది. ఎవరూ రాకపోతే కొన్నాళ్లుంచి వేలం వేస్తాం, నీకు తెలుసుగా. ఇన్నేళ్లు ఆ కౌంటరులో కూర్చున్నాక నాకు అర్థమైంది ఏంటంటే, వస్తువు అక్కర్లేక రానివాళ్లు తక్కువ. అడిగితే లేదంటారేమోనన్న బెంగతోనే చాలామంది రారు. మొన్న ఒకాయన కౌంటరు ముందు అటూ ఇటూ మూడుసార్లు నడిచి, అడక్కుండానే వెళ్లిపోయాడు. ఆయన సంచి నా కాళ్ల దగ్గరే ఉంది.

మొన్న వేలంలో మరదలి కోసం ఒక గొడుగు కొన్నాను. కర్ర పిడి, నల్లగుడ్డ, ఒక్క ఊచ కూడా వంగలేదు. విడిగా పంపుతున్నాను. వచ్చేసిందా ఆమె? అందాక ఒక కార్డు ముక్క రాయమని చెప్పు, నీ చేత చెప్పించడం కాదు. ఆ వైర్‌లెస్ వాడి సినిమా ఎప్పుడొస్తుంది? తిట్టాను కానీ వాడు మనసులోంచి పోవడం లేదు.

సెలవులు కాలదన్నుకోవడం ఎందుకని కంట్రోలర్ గారు మళ్లీ అన్నాడు. ఈ ఎండల్లో ఎక్కడికి పోతాను అన్నాను.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

గొడుగు వచ్చింది. విప్పి చూసి ఏమనుకోవాలో తెలియలేదు. నువ్వు ఎగతాళి చేసే మనిషివి కాదు. మరి ఆమెకిమ్మని నాకెందుకు పంపావు? నేనెలా ఇస్తాను? వెళ్లొద్దన్నది నువ్వే కదా.

ఇది రాస్తుంటే ఇప్పుడే ఒక అనుమానం వస్తోంది. నీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. ఆ అట్ట పంపాక రాసిన రెండిట్లోనూ మరదలు ఎప్పుడొస్తుందని అడిగావు. నేను అది నీ పెద్దరికం అనుకున్నాను. అన్నీ తెలిసి కూడా తెలియనట్టు, నన్ను నొప్పించకుండా అడుగుతున్నావనుకున్నాను. అక్కా, ఆ వైర్‌లెస్ ఆపరేటరు ఎవరో నీకు అర్థం కాలేదా?

అలాంటి సినిమా ఏదీ లేదు. అది నేను.

జనవరి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం డిస్కు ఒకటి మర్నాటికల్లా ఇవ్వాల్సి ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె గుమ్మంలోకి వచ్చి ఏదో అంది. చేతిలో పెట్టె ఉందని కూడా చూడలేదు. అప్పుడే ఒక చోట మాట తెగింది, అది పోతుందేమోనని చెయ్యెత్తి ఆగమన్నాను. డిస్కు అంతా అయ్యాక చూస్తే ఇల్లు చీకటిగా ఉంది. వాళ్లక్క దగ్గరికి వెళ్లానని మర్నాడు ఫోను చేసింది. సరే అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను. ఆమె ఫోను పెట్టేసింది.

నీకు నేరుగా రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. నాకు తెలిసిన పద్ధతిలో రాస్తే మాత్రం పెన్ను ఆగకుండా వెళ్లింది. నువ్వు వద్దన్నావు. వెళ్లలేదు.

పోయిన వారం మా తోడల్లుడు వచ్చి ఆమె కుట్టుమిషను తీసుకెళ్లాడు. నేనే మోసి ఆటోలో పెట్టాను. ఆయన ఎక్కబోతూ అన్నాడు, "ప్రతి ఆదివారం మీ ఊరి బస్సు వేళకి వీధి చివరికి వెళ్లి నిలబడేదండీ. ఈమధ్య మానేసింది" అని.

గొడుగు బీరువా పక్కన పెట్టాను.

తమ్ముడు


ఏప్రిల్ 14

ఒరేయ్,

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. ఒకావిడ పిల్లాడి చెప్పు కోసం వస్తే ఎవరిదో టోపీ తెచ్చి చేతిలో పెట్టాను.

సినిమా అనుకున్నాన్రా. నువ్వు పంపితే సినిమా కాక ఇంకేం అనుకుంటాను? ఇన్నేళ్ల నుంచి అట్టలే కదా పంపుతున్నావు. మొద్దు అన్నాను. జాలి లేదన్నాను. విసుగొచ్చిందన్నాను. అవన్నీ నిన్ను అన్నానా? నీ కాపురం గురించి అంత తేలిగ్గా, టీ తాగుతూ రాసేశానా?

నాకు నీ మీద కూడా కోపంగా ఉంది, దాచుకోను. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లం. నీకు జడ వేసి ఆడించినదాన్ని. "అక్కా, ఆమె వెళ్లిపోయింది" అని ఒక్క ముక్క నాకు రాయడానికి నీకు ఓడలూ సముద్రాలూ కావాల్సి వచ్చాయా? ఈ మూడు ముక్కలు వచ్చి ఉంటే ఆ రాత్రే తరిమేదాన్ని, ముందు బస్సెక్కు, తర్వాత ఆలోచిద్దాం అని.

సెలవు పెట్టాను. రేపు మొదటి బస్సుకి మరదలి దగ్గరికి వెళ్తున్నాను. తప్పు నాదని నా నోటితో చెప్తాను. వద్దని రాసి లాభం లేదు, నీ ఉత్తరం వచ్చేలోగా వెళ్లొచ్చేస్తాను.

వేళకి తిను. ఉప్పు తక్కువ వెయ్యి.

అక్క


ఏప్రిల్ 17

తమ్ముడూ,

వెళ్లొచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు దాచిపెట్టడం రాదు, ఇకమీదట నీకూ రాకుండా ఉంటే బాగుండు.

వాళ్లక్క ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు. కిటికీ కింద మిషను వేసుకుని స్కూలు పిల్లల లాగులు కుడుతోంది. పక్కన లాగులు గుట్టగా ఉన్నాయి. చిక్కిపోయింది. నన్ను చూసి గబగబా లేచి, "కూర్చోండి వదినా" అని కుర్చీ మీది గుడ్డలు తీసేసింది. నీళ్లిచ్చింది. నువ్వు ఎలా ఉన్నావని అడగలేదు.

నేనే మొదలుపెట్టాను. వాడు రాకపోవడానికి కారణం నేనమ్మా, వెళ్లొద్దని రాసింది నేను అన్నాను. ఎందుకలా రాశానో, అట్ట సంగతీ, వైర్‌లెస్ వాడి సంగతీ అంతా చెప్పాను. వింటుంటే ముఖం తేలికపడుతుందనుకున్నాను. నేను ఎంత తెలివితక్కువదాన్నంటే, చివర్లో నవ్వుతుందని కూడా అనుకున్నాను.

నవ్వలేదు. "నాకు చెప్పలేనిది మీకు రాశారా వదినా?" అంది.

కథలాగా రాశాడమ్మా, నేరుగా కాదు అన్నాను.

"ఎలాగో ఒకలాగా రాశారు కదా. పదకొండేళ్లు నేను పక్క గదిలోనే ఉన్నాను. నాకు ఆ కథ కూడా దక్కలేదు."

సర్దిచెబుదామని వెళ్లి ఇంకాస్త చెడగొట్టి వచ్చానురా. ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుంది. రెండు లాగులు కుట్టేదాకా నేను అలాగే ఉన్నాను. బయలుదేరుతుంటే మెట్ల దాకా వచ్చింది. "ఆ రోజు గుమ్మంలో నేనేమన్నానో ఆయన ఇప్పటిదాకా అడగలేదు. మీరు కూడా అడగలేదు" అంది. ఏమన్నావమ్మా అన్నాను. "మీకు కాదు వదినా చెప్పాల్సింది" అంది.

నువ్వు వెళ్లు. తిరిగొస్తుందని చెప్పను, నాకలా అనిపించలేదు. అయినా వెళ్లు. ఆమె ఏమందో వినిరా.

తిరుగు బస్సులో ఏడ్చాను. కండక్టరు మనవాడే, టికెట్ అడక్కుండా వెళ్లిపోయాడు.

అక్క


ఏప్రిల్ 30

అక్కా,

ఆదివారం వెళ్లాను. దారిలో చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. మేడ మెట్లు ఎక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు. అలా నిలబడి, ఆ రోజు ఏమన్నావు అని అడిగాను. అదొక్కటే నోట్లోంచి వచ్చింది.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నన్ను వెళ్లమంటారా, ఆగమంటారా అని అడిగాను. మీరు చెయ్యెత్తి ఆగమన్నారు. ఆగాను. పెట్టె పట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. కిటికీలోంచి టీవీ కనపడుతూనే ఉంది. సినిమా అయిపోయింది, లేస్తారనుకున్నాను. మీ డిస్కులో రెండు సినిమాలుంటాయి కదా. రెండోది మొదలైంది. మీరు కుర్చీ కొంచెం ముందుకి లాక్కున్నారు. అది కూడా సగం దాకా చూశాను. ఆఖరి బస్సు పోతుందని లేచాను."

నేను ఆ రెండో సినిమా కథ అట్ట మీద ఎంత బాగా రాశానో యజమాని మెచ్చుకున్నాడు కూడా.

తప్పయిపోయిందన్నాను. తలూపింది. నేను ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానన్నాను. ఇంత సూటిగా నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదక్కా, నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె అప్పుడు మిషను ఆపి నా వైపు చూసింది. "నేను ఆ ఇంట్లో ఇన్నేళ్లూ ఒక్కదాన్నే ఉన్నానండీ. మీకు ఇప్పుడు తెలిసింది" అంది.

తిరిగి రాదు. రమ్మని అడిగాను, రానంది. విసుక్కోలేదు, ఏడవలేదు. గొడుగు ఇచ్చాను, మీ వదిన పంపిందంటే తీసుకుంది. భోజనం చేసి వెళ్లమంది. చేశాను. కిందికి వచ్చాక మా తోడల్లుడు బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

నువ్వు ఉత్తరాల్లో నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. మానెయ్. వెళ్లొద్దని నువ్వు రాసినందుకు నేను ఆగలేదు. వెళ్లడానికి భయమేసింది, ఆగడానికి ఒక సాకు కావాలి, అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నువ్వు వెళ్లమని రాసి ఉంటే ఇంకో సాకు వెతుక్కునేవాణ్ణి. బస్సులో కూర్చున్నంతసేపూ ఇదే ఆలోచించాను, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇంకో సంగతి కూడా ఆలోచించాను. నువ్వు సెలవులు మిగిలిపోయాయని రాస్తావు. ఎక్కడికెళ్తానని రాస్తావు. ఏళ్ల తరబడి రాస్తున్నావు. నేను చదివి, డిస్కులు సర్ది పంపేవాణ్ణి. జ్వరమొస్తే పక్కన నేను లేను, నువ్వు కబురు కూడా పెట్టలేదు. నేను రమ్మంటే రాను అనేదానివి కాదు. నేను అనలేదు, అంతే. నువ్వు కూడా అక్కడ గుమ్మంలో నిలబడే ఉన్నావని నాకు ఈ ఆదివారం దాకా తట్టలేదు.

ఆఫీసు వచ్చే నెల మూసేస్తున్నారు. మిగిలిన డిస్కులు టైర్ల దుకాణం వాడు తూకానికి కొంటున్నాడు. తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. సాయంత్రం ఇంటికి రావాలంటే కాళ్లు రావడం లేదు. నిన్న వీధి చివరే చాలాసేపు నిలబడ్డాను, తాళం తియ్యాలంటే భయం వేసింది. దిగులు దిగులుగా ఉంది. ఇది ఏ అట్టకీ రాసింది కాదు.

అక్కా, నా దగ్గరికి రా. సెలవులన్నీ పెట్టేసి రా. నువ్వు వచ్చేదాకా రోజూ సాయంత్రం బస్టాండుకి వస్తాను.

నీ తమ్ముడు